గృహ అక్వేరియం – నిశ్శబ్ద వడపోత

పాఠ్యాంశ ఉద్దేశం

నిత్యజీవితంలో వాడే చిన్న పరికరం వెనుక కూడా జీవశాస్త్ర, భౌతికశాస్త్ర సూత్రాలు పనిచేస్తుంటాయి. ఆ సూత్రాలను గ్రహించి, తగిన వస్తువును ఎంచుకొనే వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం, శాస్త్ర విషయాన్ని తేటతెలుగులో వివరించే నేర్పును అలవరచడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఇంటిలో ఒక మూల అమర్చిన చేపల తొట్టి చూపరులకు ఆహ్లాదాన్ని కలిగిస్తుంది. పగటివేళ దాని చప్పుడు ఎవరికీ పట్టదు. ఇల్లు సద్దుమణిగిన తరువాత మాత్రం గాలి పంపు రొద, నీరు జారిపడే సవ్వడి, బుడగల గలగల స్పష్టంగా వినిపించి నిద్రకు భంగం కలిగిస్తాయి. అటువంటప్పుడు చాలామంది చేసే పని ఒక్కటే: స్విచ్చి ఆపివేసి పడుకోవడం. చేపలు కిక్కిరిసి ఉన్న తొట్టిలో దాని ఫలితం తెల్లవారేసరికి కనిపిస్తుంది. చేపలన్నీ నీటి పైకి చేరి నోళ్లు తెరుస్తూ ఉంటాయి. కొన్నిసార్లు ప్రాణాలే కోల్పోతాయి. మనిషి నిద్రకూ చేప ప్రాణానికీ మధ్య ఇటువంటి పోటీ నిజానికి అవసరం లేదు. వడపోత సాధనం ఏ పని చేస్తుందో, దాని చప్పుడు ఎక్కడ పుడుతుందో తెలిస్తే ఈ రెండింటినీ కాపాడుకోవచ్చు.

గాజుతొట్టిలో జలచరాలను పెంచే పద్ధతికి శాస్త్రీయమైన పునాది 19వ శతాబ్దంలో పడింది. ఇంగ్లండుకు చెందిన రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్‌టన్ బంగారు చేపలను, నీటి మొక్కలను, నత్తలను ఒకే తొట్టిలో పెంచి, అవి ఒకదానికొకటి ఎట్లా ఆధారమవుతాయో 1850లో వివరించాడు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల గృహం ప్రారంభమైంది. ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో ప్రచురించిన గ్రంథం వల్ల ‘అక్వేరియం’ అనే మాట జనబాహుళ్యంలోకి వచ్చింది. వారింగ్‌టన్ తొట్టిలో మోటారు లేదు. కొద్ది చేపలు, తగినన్ని మొక్కలు ఉండడం వల్ల అక్కడ సమతౌల్యం నిలిచింది. నేటి ఇళ్లలో తొట్టి చిన్నది, చేపలు ఎక్కువ, మొక్కలు తక్కువ. ఆ లోటును పూరించేదే వడపోత సాధనం.

వడపోత అనగానే టీ వడకట్టే జల్లెడ గుర్తుకు వస్తుంది. తేలియాడే మురికిని పట్టి ఉంచడం ఫిల్టరు పనులలో ఒకటి మాత్రమే. అంతకంటె ముఖ్యమైన పని కంటికి కనిపించదు. చేపల విసర్జనల నుండి, తినకుండా మిగిలిన ఆహారం నుండి అమ్మోనియా పుడుతుంది. ఇది చేపలకు విషం. ఒక జాతి బాక్టీరియా దీనిని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. మరొక జాతి బాక్టీరియా దానిని అంత హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ సూక్ష్మజీవుల స్వభావాన్ని రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వెలుగులోకి తెచ్చాడు. ఈ రెండు దశలనూ ఒక్కటే పూర్తి చేయగల బాక్టీరియా కూడా ఉన్నదని 2015లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఇవన్నీ స్పాంజి రంధ్రాలలోను, గులకరాళ్ల మీద సన్నని పొరగాను నివసిస్తాయి. కనుక ఫిల్టరును జల్లెడగా కాక, కోటానుకోట్ల సూక్ష్మజీవులకు ఇల్లుగా భావించడం సమంజసం.

ఆ ఇంటికి ప్రాణవాయువు అత్యవసరం. నీటి ప్రవాహం ద్వారానే అది బాక్టీరియాకు అందుతుంది. చేపలకు కావలసిన ప్రాణవాయువు కూడా ప్రధానంగా నీటి ఉపరితలం కదలడం వల్లనే లభిస్తుంది. నీరు వేడెక్కిన కొద్దీ దానిలో కరిగే ప్రాణవాయువు తగ్గిపోతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములే కరుగుతుంది. పగలు ప్రాణవాయువును విడుదల చేసే నీటి మొక్కలు సైతం రాత్రి దానిని పీల్చుకుంటాయి. కోస్తా జిల్లాలలో చేపలు, రొయ్యలు పెంచే రైతులకు ఈ సత్యం అనుభవపూర్వకంగా తెలుసు. తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు కనిష్ఠ స్థాయికి పడిపోతుంది కాబట్టే వారు రాత్రిళ్లు ఏరియేటర్లు తిప్పుతారు. చెరువుకు వర్తించే ఈ నియమమే చిన్న తొట్టికీ వర్తిస్తుంది. అందువల్ల రాత్రి నిశ్శబ్దం కోసం ఫిల్టరును ఆపరాదు. నిశ్శబ్దంగా నడిచే ఫిల్టరునే ఎంచుకోవాలి.

ధ్వని తీవ్రతను డెసిబెల్‌లలో కొలుస్తారు. భారత ప్రభుత్వం 2000లో చేసిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో రాత్రివేళ పరిమితి 45 డెసిబెల్‌లు. నిద్రకు భంగం కలగకుండా ఉండాలంటే పడకగదిలో నిరంతర ధ్వని 30 డెసిబెల్‌లను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. 10 డెసిబెల్‌లు పెరిగితే చెవికి ధ్వని దాదాపు రెట్టింపైనట్లు తోస్తుంది.

చేపల తొట్టిలో చప్పుడు మూడు చోట్ల పుడుతుంది. మొదటిది యంత్ర కంపనం. మన ఇళ్లకు వచ్చే ఏకాంతర విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు కలది. గాలి పంపులోని రబ్బరు పొర ఆ లయకు అనుగుణంగా కంపిస్తూ గాలిని నెడుతుంది. వీణకు కుండ నాదాన్ని పెంచినట్లు, పంపు కింద ఉన్న బోలు అల్మరా ఈ కంపనాన్ని పెద్దది చేస్తుంది. రెండవది జారిపడే నీరు. నీరు ఎంత ఎత్తు నుండి పడితే చప్పుడు అంత హెచ్చు. మూడవది బుడగ. నీటిలోని బుడగ సంకోచ వ్యాకోచాలు చెందుతూ ధ్వనిస్తుందని, పెద్ద బుడగ మంద్ర స్వరాన్ని, చిన్న బుడగ తార స్వరాన్ని ఇస్తుందని డచ్ శాస్త్రజ్ఞుడు మార్సెల్ మినార్ట్ 1933లో నిరూపించాడు.

నిశ్శబ్దం గాజుకు ఇవతల ఉన్న మనిషికే కాదు, అవతల ఉన్న చేపకూ అవసరం. చేపలకు వినికిడి లేదనే అభిప్రాయం ఒకప్పుడు బలంగా ఉండేది. ఈల వేస్తే బయటికి వచ్చే చిన్న పిల్లిచేపను చూపి కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1923లో ఆ అభిప్రాయాన్ని ఖండించాడు. బంగారు చేపలో గాలితిత్తిని లోపలి చెవితో కలిపే చిన్న ఎముకల గొలుసు ఉంటుంది. దానివల్ల అది సూక్ష్మ ధ్వనులను కూడా గ్రహిస్తుంది. ఎడతెగని పెద్ద రొదకు గురైన బంగారు చేపల వినికిడి తగ్గుతుందని 2004లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. ఆ ప్రయోగంలో వాడిన ధ్వని ఇంటి ఫిల్టరు చప్పుడు కంటె ఎంతో ఎక్కువైనా, గాజును తాకి వణికించే మోటారు చేపకు మేలు చేయదని గ్రహించవచ్చు.

చిన్న తొట్టికి తగిన ఫిల్టర్లు ముఖ్యంగా నాలుగు రకాలు. మొదటిది స్పాంజి ఫిల్టరు. గాలి బుడగలు పైకి లేస్తూ నీటిని స్పాంజి గుండా లాగుతాయి. ధర తక్కువ, ప్రవాహం మృదువు. చిన్న పిల్లలను లోపలికి లాగే ప్రమాదం లేదు. దీని లోపమంతా బయట ఉండే గాలి పంపు రొదలోనే ఉన్నది. రెండవది నీటిలో మునిగి ఉండే మోటారు ఫిల్టరు. నీటిలో పుట్టిన శబ్దశక్తిలో దాదాపు వెయ్యింట ఒక వంతు మాత్రమే నేరుగా నీటి ఉపరితలం దాటి గాలిలోకి వస్తుంది. కనుక గాజుకు గట్టిగా ఒరుసుకోనంత వరకు ఇది మనుషులకు నిశ్శబ్దంగానే ఉంటుంది. మూడవది తొట్టి అంచుకు తగిలించే ఫిల్టరు. శుభ్రపరచడం తేలిక. కాని వేసవిలో నీరు ఆవిరై మట్టం తగ్గితే ఇది చిన్న జలపాతంలా మోగుతుంది. నాలుగవది తొట్టి కింద ఉంచే మూత బిగించిన డబ్బా ఫిల్టరు. నాణ్యమైనదైతే మిక్కిలి నిశ్శబ్దం. అయితే ఖరీదు ఎక్కువ. పైగా కరెంటు చాలా గంటలు పోతే మూసిన డబ్బాలో ప్రాణవాయువు తరిగి బాక్టీరియా చనిపోతుంది. ఆ నీటిని పారబోసి, లోపలి సామగ్రిని కడిగిన తరువాతనే దానిని తిరిగి నడపాలి.

ఎంపికకు లెక్క కూడా అవసరం. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టి ఘనపరిమాణం 54 లీటర్లు. గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ తీసివేయగా సుమారు 45 లీటర్ల నీరు పడుతుంది. గంటకు తొట్టి నీరంతా నాలుగుసార్లు ఫిల్టరు గుండా ప్రవహించాలన్నది అనుభవజ్ఞులు పాటించే మోటు లెక్క. ఆ ప్రకారం గంటకు 180 లీటర్ల ప్రవాహం కావాలి. పెట్టె మీద ముద్రించే సంఖ్య సాధారణంగా స్పాంజి అడ్డులేని స్థితికి చెందినది కనుక 200 నుండి 250 లీటర్ల సామర్థ్యం గలదానిని తీసుకోవడం మంచిది. అవసరానికి మించిన మోటారు చప్పుడునూ పెంచుతుంది, చేపలనూ అలసటకు గురిచేస్తుంది. గాలిని పైనుండి పీల్చుకోగల ఫైటర్ చేపకు బలమైన ప్రవాహం గిట్టదు. అయినా అమ్మోనియా దానికీ విషమే కాబట్టి మృదువైన స్పాంజి ఫిల్టరు శ్రేయస్కరం.

పడకగదిలోని 54 లీటర్ల తొట్టికి, పెద్ద స్పాంజి గల, మునిగి ఉండే చిన్న ఫిల్టరు అన్నివిధాల అనుకూలమైనది. నీరు వెలువడే గొట్టం ఉపరితలానికి కొద్దిగా దిగువన ఉండి, పైన సన్నని అలలు రేపితే చాలు. చప్పుడు లేకుండానే ప్రాణవాయువు అందుతుంది. 5 వాట్ల మోటారు 30 రోజులు నిరంతరం నడిచినా 3.6 యూనిట్ల విద్యుత్తే ఖర్చవుతుంది. కరెంటు తరచుగా పోయే ఊళ్లలో బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపును తోడుగా ఉంచుకోవాలి.

ఇంట్లో ఇప్పటికే గాలి పంపు ఉంటే దానిని మడతపెట్టిన మందపాటి గుడ్డ మీద, గోడకు తగలకుండా ఉంచాలి. నీటిమట్టం కంటె ఎత్తున అమర్చాలి, లేదా గొట్టానికి నాన్‌రిటర్న్ వాల్వు బిగించాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీరు గొట్టం గుండా వెనుకకు వచ్చి పంపులో చేరుతుంది. స్పాంజి ఫిల్టరు గొట్టంలో గాలి రాయిని అమర్చితే పెద్ద బుడగలు సన్నని బుడగలై గలగల తగ్గుతుంది.

కొత్తలో నిశ్శబ్దంగా ఉన్న మోటారు కొన్నాళ్లకు గరగరమంటే, దాని రెక్కల చక్రం వద్ద నాచు, ఇసుక చేరాయని అర్థం. విద్యుత్తు ఆపి, చక్రాన్ని తీసి శుభ్రపరచాలి. స్పాంజిని మాత్రం కొళాయి కింద కడగరాదు. కొళాయి నీటిలోని క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది. తొట్టి నుండి తీసిన నీటిలోనే స్పాంజిని మెల్లగా పిండాలి. కొత్త ఫిల్టరులో బాక్టీరియా తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు పాత ఫిల్టరును తీసివేయక రెండింటినీ కలిపి నడపడం ఉత్తమం.

గాజుతొట్టిలోని చేప తనకు నచ్చని నీటిని విడిచి మరొక చోటికి పోలేదు. ఏటిలో ప్రవాహం చేసే పనిని తొట్టిలో చిన్న మోటారు చేస్తుంది. దానిని ఆపే అధికారం, ఆపకుండా నిశ్శబ్దంగా నడిపే బాధ్యత రెండూ చేపను ఇంటికి తెచ్చినవారివే.

కఠిన పదాలకు అర్థాలు

సమతౌల్యం = సరితూగడం
సమంజసం = తగినది
ఏకాంతర విద్యుత్తు = దిశ మారుతూ ప్రవహించే విద్యుత్తు
మంద్ర స్వరం = తక్కువ స్థాయి స్వరం
తార స్వరం = హెచ్చు స్థాయి స్వరం
శ్రేయస్కరం = మేలు చేసేది

సంధులు

అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
జనబాహుళ్యంలో కనిపించే ‘బాహుళ్యం’ సంధి పదమా, కాదా? చర్చించండి.

ప్రశ్నలు

అ) వ్యాసరూప ప్రశ్నలు
1. రాత్రివేళ ఫిల్టరును ఆపివేయడం వల్ల కలిగే నష్టాలను కారణాలతో వివరించండి.
2. చిన్న తొట్టికి వాడే నాలుగు రకాల ఫిల్టర్ల గుణదోషాలను తులనాత్మకంగా తెలపండి.

ఆ) లఘు ప్రశ్నలు
1. ఫిల్టరును సూక్ష్మజీవులకు ఇల్లుగా ఎందుకు భావించాలి?
2. చేపల తొట్టిలో చప్పుడు పుట్టే మూడు స్థానాలు ఏవి?
3. స్పాంజిని కొళాయి నీటితో ఎందుకు కడగరాదు?

ఇ) భాషాకృత్యం
40 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టికి ఎంత సామర్థ్యం గల ఫిల్టరు కావాలో లెక్కకట్టి, ఆ ఎంపికను సమర్థిస్తూ మిత్రునికి లేఖ రాయండి.