ఎండనుండి ఉదజని: ఆశయు, లెక్కయు

గోదావరి మన బాసర రేవులను తాకి దిగువకు పోయి రామగుండమును చేరును. ఎండకు మన సీమలో కొదువ లేదు. నీటినుండి ఎండ సాయమున ఉదజని వాయువు తీయవచ్చునని విని, మా విద్యార్థి తండ్రి యొకరు, "సారూ, వడ్లమ్మిన సొమ్ము ఇట్టి కంపెనీలో పెట్టవచ్చునా?" అని మమ్మడిగిరి. లెక్క చూడక ఉత్తరమీయరాదు గనుక ఈ పాఠమును వ్రాయుచున్నాము.

నీటిలో ఉదజనియు ఆమ్లజనియు కూడియున్నవి. విద్యుత్తుచే వీనిని విడదీయు పద్ధతిని నికల్సన్, కార్లైల్ అను ఆంగ్లేయులు 1800లోనే కనుగొనిరి. మన ప్రయోగశాలలో రెండు గొట్టములలో బుడగలు లేచుట విద్యార్థులు చూచియే యున్నారు. 1972లో జపానుదేశీయులగు ఫుజిషిమా, హోండా యనువారు టైటానియం డయాక్సైడుపై వెలుతురు పడగా నీరు విడిపోవుటను ప్రకటించిరి. సౌరఫలకముతో పని లేక ఎండయే నేరుగా నీటిని విడదీయునను ఆశ నాటినుండి పెరిగినది.

ఇక లెక్క చూతము. 45 కిలోల యూరియా బస్తాకు 4.5 కిలోల ఉదజని కావలెను. 2021లో జపాను శాస్త్రజ్ఞులు 100 చదరపు మీటర్ల ఉత్ప్రేరక ఫలకములను ఆరుబయట నడిపిన వార్త వెలువడెను. అందు దక్షత మిక్కిలి హెచ్చుగా నున్నప్పుడు నూటికి 0.76 మాత్రమే. చదరపు మీటరుకు దినమునకు 5 యూనిట్ల ఎండ పడునని, ఆ దక్షతయే దినమంతయు నిలుచునని అనుకొన్నను, వచ్చు ఉదజని సుమారు 115 గ్రాములు. ఒక్క బస్తాకు 39 దినములు పట్టును! అంత చోటనే నూటికి 20 దక్షత గల సౌరఫలకములుంచి, ఆ విద్యుత్తుతో నీటిని విడదీసినచో దినమునకు దాదాపు 2 కిలోలు లభించును. ఇందును కిలోకు 50 యూనిట్లకు మించి ఖర్చగును. యూనిటు 3 రూపాయలకే దొరకినను విద్యుత్తుకే 150 రూపాయలు దాటును; యంత్రముల వెల వేరు.

రామగుండము చెప్పు పాఠమొకటి కలదు. బొగ్గునుండి ఉదజని తీసి యూరియా చేయు కర్మాగారము 1980లో అచ్చట ఉత్పత్తి ప్రారంభించెను. నడుపుటలో చిక్కులును నష్టములును పెరిగి 1999లో మూతపడెను. 2021లో మరల యూరియా వచ్చినది సహజవాయువుతోనే. రసాయనశాస్త్రము తప్పలేదు, కాని శాస్త్రము నిజమైనంత మాత్రమున వ్యాపారము నిలువదు.

2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వము హరిత ఉదజని పథకమును అంగీకరించి, 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు లక్ష్యముగా పెట్టినది. లక్ష్యము వేరు, ఉత్పత్తి వేరు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమనరాదు. ఎవరేమి చెప్పినను మూడు ప్రశ్నలడుగుడు: ఎంత చోట నడిపితిరి? ఎన్ని మాసములు ఎడతెగక నడిచినది? కిలో ఏ వెలకు, ఎవరు కొందురు?

వడ్ల సొమ్మును బిడ్డ చదువునకు ఉంచుడని ఆ తండ్రికి చెప్పితిమి. 0.76ను పదింతలు చేయవలసిన పని ఇంకను మిగిలియున్నది. అది చదువుకొన్న బిడ్డలు చేయదగిన పని.