రుసుము పుచ్చుకొని చెప్పెడి వాటాల జోస్యము

పంట సొమ్ము చేతికి వచ్చు దినములలో, ఫలానా కంపెనీ వాటాలు కొనుడు, ధర తప్పక పెరుగునని రుసుమునకు సలహాలిచ్చువారు మన వద్దకును వచ్చుచున్నారు. తమ మాట నాలుగుమారులు నిజమైనదని చూపుదురు. అంతమాత్రమున నమ్మవచ్చునా?

ఒక లెక్క చూతము. ఒకడు 1,600 మందిలో సగముమందికి ధర పెరుగుననియు, తక్కినవారికి తగ్గుననియు వ్రాయును. జోస్యము తప్పినవారిని విడిచి, మిగిలిన 800 మందికి మరల అట్లే వ్రాయును. ఇట్లు నాలుగుమారులు జరుగునప్పటికి 100 మందికి అతని మాట ఒక్కసారియు తప్పియుండదు. రుసుము చెల్లించువారు వీరే.

అమెరికాలో ఆల్ఫ్రెడ్ కౌల్స్ అను నాతడు 16 సలహా సంస్థలు 1928 మొదలు 1932 వరకు చేసిన సుమారు 7,500 సిఫారసులను పరిశీలించి, 1933లో ఫలితమును ప్రకటించెను. వాని ఫలము వాటాల సగటుకంటె ఏటికి 1.43 శాతము తక్కువగా నుండెను.

మన దేశమున సెబీ వద్ద నమోదైన సలహాదారుడు సైతము ఇంత లాభము తప్పక వచ్చునని హామీ యీయరాదు. కావున సోదరులారా, రుసుము చెల్లింపకమునుపే నమోదు సంఖ్యను, తప్పిన సలహాలతో కూడిన పూర్తి పట్టికను అడుగుడు. చూపనివానిని నమ్మి విత్తనముల సొమ్ము ఒడ్డవలదని మా విన్నపము.