డీప్ ఫ్రీజర్‌లో మంచు: ఎప్పుడు తీయాలి, ఎలా తీయాలి

కోహీర్ పేరు చెబితే ఎవరికైనా జామ తోటలే గుర్తుకొస్తాయి. అలాగని ఇక్కడ చేపల అమ్మకం తక్కువేమీ కాదు. మంజీర మీది సింగూరు ప్రాజెక్టు నుంచి రవ్వ, బొచ్చె, కొర్రమీను వస్తాయి. జహీరాబాద్ పక్కన కొత్తూరు దగ్గరి నారింజ ప్రాజెక్టులో నీళ్ళు నిలిచిన ఏడాది అక్కడి చేప కూడా దిగుతుంది. అవీ చాలకపోతే కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసు పెట్టెల్లో హైదరాబాద్ మార్కెట్‌కు చేరిన సరుకు 65వ నంబర్ హైవే పట్టుకుని ఇటు వస్తుంది. పొద్దుటి నుంచి అమ్మగా మిగిలింది సాయంత్రం డీప్ ఫ్రీజర్‌లోకి పోతుంది. గాలం వేసేవాళ్ళు ఎరకని అడిగే కోడిపేగులు, కాలేయం ముక్కలు కూడా చాలాచోట్ల అందులోనే ఓ మూల ఉంటాయి. కొట్టు మీదే అయినా, జీతానికి కొట్లో నిలబడేవాళ్ళయినా ఆ పెట్టె బాధ్యత మీదే అయితే ఈ నాలుగు మాటలు మీ కోసం.

పెట్టె లోపలి గోడలకు పట్టే తెల్లటి మంచును చూసి చాలామంది 'కూలింగ్ బాగుంది' అని సంతోషపడతారు. అది తప్పు. ఈ రకం ఫ్రీజర్లలో చల్లబరిచే గొట్టాలు గోడ రేకు వెనకే చుట్టి ఉంటాయి. చల్లదనం ఆ రేకు నుంచే చేపకు అందాలి. మధ్యలో మంచు పేరుకుంటే రేకుకు కంబళి కప్పినట్టే. చల్లదనం గోడ దగ్గరే ఆగిపోతుంది, నడిమధ్య ఉన్న చేప మెత్తబడుతుంది, కంప్రెసర్ మాత్రం ఊపిరి తీసుకోకుండా తిరుగుతూనే ఉంటుంది. బిల్లు పెరుగుతుంది, మిషన్ ఆయుష్షు తగ్గుతుంది. మంచు పావు అంగుళం దాటిందంటే ఇక వాయిదా వేయకండి. నాలుగు వేళ్ళ మందం అయ్యాక మొదలుపెడితే ఒక పూట పని రెండు పూటలు పడుతుంది.

వేడి ఎక్కువ కాబట్టి ఎండాకాలంలోనే మంచు ఎక్కువ పడుతుందనుకుంటారు. మంచుకు కావలసింది వేడి కాదు, గాలిలో తేమ. వైశాఖం ఎండల్లో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది. కంప్రెసర్‌కు శ్రమ ఎక్కువే గానీ మంచు నెమ్మదిగానే కడుతుంది. వానలు పడ్డాక సంగతి వేరు. మూత తీసిన ప్రతిసారీ తడి గాలి లోపలికి దిగి గోడకు అంటుకుంటుంది. కడిగిన చేపను నీళ్ళు కారుతుండగానే, కవరు కట్టకుండా పడేస్తే ఆ తడి కూడా గోడ మీదికే చేరుతుంది. చేపను బుట్టలో ఆరగట్టి, గాలి లేకుండా కవరు బిగించి పెట్టే కొట్లో మంచు బాగా తగ్గుతుంది. చేప కూడా ఎండిపోయి తెల్లటి మచ్చలు పడకుండా ఉంటుంది.

ఎప్పుడు తీయాలన్నది మన అమ్మకాలను బట్టే పెట్టుకోవాలి. జూన్ 8 అటు ఇటుగా మృగశిర కార్తె మొదలవుతుంది. ఆ రోజు చేప తినని ఇల్లు తక్కువ, అప్పటి సరుకు పట్టాలంటే ఫ్రీజర్ నిండు ఆరోగ్యంతో ఉండాలి. కాబట్టి మొదటి విడత జూన్ మొదటి రోజుల్లోనే అయిపోవాలి. రెండోది శ్రావణంలో, చాలా ఇళ్ళలో నీచు మానేస్తారు. మన ఊళ్ళో ముస్లిం కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఆ నెలలో కొట్టు పూర్తిగా చల్లబడదు. అయినా సరుకు పలచబడుతుంది, వానల మంచు కూడా అప్పటికి బాగా పేరుకుని ఉంటుంది. మూడోది కార్తీకం, అయ్యప్ప మాలల సమయం. వారంలో అయితే సోమవారం పొద్దున్నే మంచిది. ఆదివారం అమ్మకం అయిపోయి పెట్టె అడుగు కనపడే రోజు అదే.

ముందురోజు రాత్రే రెండు థర్మాకోల్ పెట్టెలు, ఐసు సిద్ధం చేసుకోండి. పొద్దున మిగిలిన సరుకంతా వాటిలోకి మార్చి, కింద ఐసు, పైన ఐసు వేసి, మూత పెట్టి గోనెసంచి కప్పి నీడలో ఉంచండి. ఇప్పుడు స్విచ్ ఆపడంతో సరిపెట్టకుండా ప్లగ్ పీకేయండి. ఎందుకంటే మంచు తీయడం తడి చేతులతో, తడి నేల మీద చేసే పని. లోపల అడుగున ఒక మూల చిన్న బిరడా ఉంటుంది, దానికి సూటిగా బయట కింద ఇంకొకటి. రెండూ తీసి, బయటి దానికి పైపు తగిలించి బకెట్‌లోకి వదలండి. చాలా కొట్లలో ఈ బిరడా ఉందన్న సంగతే తెలియక మగ్గుతో నీళ్ళు తోడుతుంటారు.

వెడల్పాటి గిన్నెల్లో వేడినీళ్ళు పోసి, అడుగున చెక్క పలక వేసి దాని మీద ఉంచి, ఫ్రీజర్ మూత మూసేయండి. పావుగంటకోసారి నీళ్ళు మార్చండి. ఆ ఆవిరికి మంచు గోడను వదిలి పలకలు పలకలుగా జారుతుంది. అప్పుడు చేత్తోనో ప్లాస్టిక్ గరిటెతోనో తీసేయొచ్చు. తొందరైతే మూత తెరిచి, దూరం నుంచి లోపలికి ఫ్యాను పెట్టండి, దాని వైరు నీటికి దూరంగా ఉండాలి. మరుగుతున్న నీళ్ళు నేరుగా గోడకు కొట్టకండి, రేకు, ప్లాస్టిక్ భాగాలు వంకరపోతాయి.

ఇక కత్తి. చేపల కొట్లో కత్తి ఎప్పుడూ చేతికి అందుతూనే ఉంటుంది, అదే ప్రమాదం. ఇరుక్కున్న కవరును ఊడబెరకడానికని ఒక్క పోటు పొడిస్తే రేకు వెనకున్న గొట్టానికి సూది మొనంత చిల్లు పడినా చాలు, 'సుయ్'మని గ్యాస్ మొత్తం పోతుంది. గోడ లోపల పడిన చిల్లును అతకడం తేలిక కాదు, చాలాసార్లు పెట్టెనే మార్చాల్సి వస్తుంది. పైగా ఇప్పుడొచ్చే చాలా ఫ్రీజర్లలో ఆర్600ఏ అనే గ్యాస్ ఉంటుంది, అది అంటుకునే గుణమున్నది. ఏ గ్యాసో వెనకున్న స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. అలాంటి చప్పుడు వినపడితే తలుపులు బార్లా తీసి, అగ్గిపుల్ల, బీడీ, స్టవ్ ఏదీ వెలిగించకుండా, దగ్గర్లో ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికి రండి. మెకానిక్ వచ్చేదాకా ప్లగ్ పెట్టొద్దు. కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి మొదటిరోజే ఈ మాట చెప్పాలి. చెప్పకపోతే తప్పు యజమానిదే.

మంచు పోయాక గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో ఒకసారి, లీటరు నీళ్ళకు రెండు చెంచాల వంటసోడా కలిపి ఇంకోసారి తుడవండి. వాసన సోడాకే పోతుంది. యాసిడ్, ఫినాయిల్ మాత్రం వద్దు. యాసిడ్ రేకును తినేస్తుంది. ఫినాయిల్ వాసన చేపకు పడితే ఆ చేప ఎవరూ కొనరు. తర్వాత పొడిబట్టతో మూలమూలా తుడవండి, వదిలేసిన తడే రేపటి మొదటి మంచు. బిరడాలు రెండూ మళ్ళీ బిగించండి. మర్చిపోతే ఆ కన్నంలోంచి తడిగాలి రాత్రింబవళ్ళు ఎక్కి, అడుగున మళ్ళీ మంచుగడ్డ కడుతుంది.

మూత చుట్టూ ఉండే రబ్బరును ఈ రోజే చూడాలి. దాని మడతల్లో పొలుసులు, నెత్తురు జిగట ఎండి నల్లగా పేరుకుని ఉంటాయి. పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వస్తాయి. తర్వాత పది రూపాయల నోటు మధ్యలో పెట్టి మూత మూసి లాగండి. బిగువుగా వస్తే రబ్బరు బాగున్నట్టు. జారిపోతే అక్కడి నుంచి గాలి పోతోంది, ఆ రబ్బరు మార్పించాల్సిందే. మంచు మాటిమాటికీ ఒకే చోట కడుతుంటే కారణం దాదాపు ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది.

ప్లగ్ పెట్టాక ఖాళీగానే తిరగనివ్వండి. లోపల చిన్న థర్మామీటర్ ఉంచి, మైనస్ 18 డిగ్రీలు చూపించాకే సరుకు సర్దండి. పాత సరుకు పైకి, కొత్తది కిందికి. కన్వర్టిబుల్ రకం అయితే స్విచ్ ఫ్రీజర్ వైపే ఉందా అని చూడండి, శుభ్రం చేసేటప్పుడు చెయ్యి తగిలి కూలర్ వైపు తిరిగితే రాత్రికి రాత్రే సరుకు పోతుంది. పక్క గోడలు బయట వేడిగా తగిలితే కంగారొద్దు, చాలా మోడళ్ళలో లోపలి వేడి బయటికి పోయే దారి అదే. అందుకే చుట్టూ జానెడు జాగా వదలాలి, పక్కకు గోనెసంచులు ఆనించకూడదు. కరెంటు పోయి వెంటనే వస్తే కంప్రెసర్ మీద భారం పడుతుంది. కొన్ని నిమిషాలు ఆగి కరెంటు ఇచ్చే స్టెబిలైజర్ పెట్టుకోండి.

ఎర విషయంలో నా మాట గట్టిగానే ఉంటుంది. తినే చేప ఉన్న ఫ్రీజర్‌లో ఎర పెట్టకండి. పేగుల్లో ఉండే క్రిములు చలికి నిద్రపోతాయే తప్ప చావవు. కవరు చిరిగి కారిన నీళ్ళు చేప మీద పడితే ఆ చేప ఇంకొకరి ఇంటికి వెళుతుంది. ఎర అమ్ముతున్నారంటే పాతదైనా సరే వేరే చిన్న పెట్టె పెట్టండి. అంత అమ్మకం లేకపోతే బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, 'ఎర' అని రాసి, అన్నిటికంటే అడుగున పెట్టండి. కాలేయం, పేగులకు ముందే ఉప్పు పట్టించి ఆరనిస్తే గట్టిపడి గాలానికి బాగా పట్టుకుంటాయి. ఒక పూటకు సరిపడా చిన్న పొట్లాలు కట్టండి. పెద్ద ముద్దను కరిగించి మిగిలింది మళ్ళీ గడ్డ కట్టిస్తే కుళ్ళి జారిపోతుంది. వానపాములు మాత్రం ఫ్రీజర్‌కు పనికిరావు, కరిగాక పిప్పి అవుతాయి. వాటికి తడిమట్టి కుండే మేలు.

కరెంటు ఎక్కువసేపు పోయినప్పుడు చేయాల్సింది ఒక్కటే, మూత తీయకపోవడం. నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు చలిని పట్టి ఉంచుతుంది. ఖాళీ చోటు ఉంటే నీళ్ళ సీసాలు గడ్డకట్టించి నింపండి, ఆ చలి కూడా కలిసొస్తుంది. పండక్కి కొట్టు మూసి ఊరెళ్ళేవాళ్ళు ఒక ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ళ పెట్టి వెళ్ళండి. తిరిగొచ్చేసరికి బిళ్ళ పైనే ఉంటే సరుకు కరగలేదు. మంచు మధ్యలో కూరుకుపోయి కనిపిస్తే కొంత కరిగి మళ్ళీ కట్టింది. అడుగుకు చేరి ఉంటే, చేప రాయిలా గట్టిగా ఉన్నా సరే, అది అమ్మకానికి పనికిరాదు. గుంత తీసి పూడ్చేయండి.