ముందు పడుగు పంచుకోండి

హైదరాబాదులో ఈమధ్య ఒక పద్ధతి బాగా కనబడుతోంది. సొంత దుకాణం పెట్టే స్తోమత లేని చిన్న బట్టల బ్రాండ్ల వాళ్లు నలుగురైదుగురు కలుస్తారు. బంజారాహిల్స్‌లోనో జూబ్లీహిల్స్‌లోనో ఖాళీగా ఉన్న ఇంటి కింది వాటా పది రోజులకు అద్దెకు తీసుకుంటారు. చేనేత గుడ్డతో, సహజ రంగులతో కుట్టించిన బట్టలు అక్కడ పెట్టి అమ్ముకుంటారు. పాప్-అప్ అంటున్నారు దీన్ని. తాత్కాలిక అంగడి ఈ ఊరికి కొత్తేమీ కాదు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై తర్వాత నాంపల్లికి మారిన నుమాయిష్ కూడా ఏటా జనవరి ఒకటిన తెరుచుకుని నెలన్నరలో సర్దుకునేదే. అక్కడ ఎవరి స్టాలు వారిది, ఎవరి గల్లాపెట్టె వారిది. ఇప్పుడు ఒకే కౌంటర్ మీద ఐదుగురి సరుకు అమ్ముతున్నారు. కొత్తదనం అక్కడుంది, చిక్కులూ అక్కడే ఉన్నాయి.

చేనేత గుడ్డ కొనడం, అమ్మడంలోనే నా జీవితం గడిచింది కాబట్టి ఈ పిల్లలు సలహాకు వస్తుంటారు. ఏ రోడ్డు మంచిది, అద్దె ఎంతదాకా పెట్టొచ్చు అని అడుగుతారు. అవి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను వాళ్లకు చెప్పేవి వేరే ఉన్నాయి.

1. తేదీ పెట్టుకునే ముందు మగ్గాన్ని అడగండి.

దసరా ముందు అమ్మాలంటే గుడ్డకు ఆర్డరు ఎండాకాలంలోనే వెళ్లాలి. జూలైలో ఆలోచన పుట్టి, ఆగస్టులో నేతగాడికి ఫోన్ చేసి, సెప్టెంబరుకు గుడ్డ పంపమంటే అయ్యే పని కాదు. వానలు పడితే మగ్గం గుంటలో నీరు ఊరుతుంది. పడుగును వీధిలో బారుగా పరిచి గంజి పెట్టే ఊళ్లలో ముసురు పట్టిందంటే ఆ పని ఆగిపోవాల్సిందే. పెడన కలంకారీకి ఎండా కావాలి, పారే నీళ్లూ కావాలి. గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేయాలి. నల్ల రంగు కోసం తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు ఊరాలి. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు అద్ది, తర్వాత గుడ్డంతా కాగులో ఉడికించాలి. ప్రతి దశకూ ఒక ఉతుకు, ప్రతి ఉతుక్కూ ఒక ఎండ.

తొందర పెడితే పనివాడేం చేస్తాడు? రసాయన రంగు డబ్బా తెరుస్తాడు. దానికి అతన్ని అనడం అన్యాయం. తేదీ ముందు ఖాయం చేసుకుని గుడ్డ కోసం తర్వాత వెతికినవాళ్లే ఆ డబ్బా తెరిపించారు.

2. అంగడి పంచుకునే ముందు పడుగు పంచుకోండి.

అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. చిన్న బ్రాండ్ల కష్టమంతా గుడ్డ కొంచెమే కావాల్సి రావడంలో ఉంది. ఒకమ్మాయికి ఇరవై మీటర్లు చాలు, ఇంకొకబ్బాయికి పదిహేనే చాలు. మగ్గానికి ఆ లెక్క పనికిరాదు. చిలపనూలుకు రంగు వేయాలి, పడుగు చేయాలి, గంజి పెట్టాలి, మగ్గం మీదున్న పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకాలి. వేల పోగులు, రోజుల పని. పదిహేను మీటర్ల కోసం ఇదంతా చేయమంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకుంటే మీటరు ధర మీకు అందదు. అందుకే చిన్నవాళ్లంతా బజారుకెళ్లి దొరికిన తాను కొంటారు. ఐదు బ్రాండ్ల పేర్లు వేరైనా గుడ్డ ఒకటే అవుతుంది.

ఐదుగురూ కలిస్తే ఒక పడుగు పెట్టించవచ్చు. పడుగు కోరా రంగే అనుకోండి. పేక ఎవరిది వారు ఎంచుకుంటారు. ఒకరి ఇరవై మీటర్లకు నీలి పేక, ఇంకొకరికి దానిమ్మ తొక్క పసుపు, మరొకరికి కోరా మీద కోరా. మంగళగిరి వైపు ఒక నేత ఇంట్లో ఇలాంటి పడుగు దగ్గర కూర్చుని చూశాను. నాడెలో కండె మార్చి నాలుగు దెబ్బలు వేయగానే, అదే పడుగు మీద బూడిదరంగు నీలం పరుచుకుంది. అప్పటిదాకా నేసిన పసుపుకూ దానికీ మధ్య రెండు వేళ్ల ఖాళీ పడుగు వదిలారు, కోసుకోవడానికి. ఐదు రకాల గుడ్డ దిగింది. నేతగాడికి పడుగు అయిపోయేదాకా పని దొరికింది. ఏ ఒక్కరూ పెద్ద పెట్టుబడి పెట్టలేదు.

రంగు తొట్టి సంగతీ అంతే. నీలిమందు తొట్టి రోజూ చూసుకోవాల్సిన వస్తువు. సున్నం, తగిరిస గింజల కషాయం పోస్తూ, కలుపుతూ, వాసన చూస్తూ దాన్ని బతికించాలి. నాలుగు దుపట్టాల కోసం తొట్టి పెట్టమని అడగడం రంగు పనివాడికి భారం. ఐదుగురి నూలు ఒకే వారంలో పంపితే అతనికీ గిట్టుబాటవుతుంది.

ఇలా కలిసి గుడ్డ నేయించుకున్న జట్టుకు అంగడిలో తగాదాలు రావడం నేను అరుదుగా చూశాను. అద్దె దగ్గర మాత్రమే కలిసినవాళ్లు రెండో రోజుకే ఏ హ్యాంగరు ముందుండాలని వాదులాడుకుంటారు.

3. పక్కన నిలబడేవారి గుడ్డను మీరే పరీక్షించండి.

మొహమాటం వద్దు. అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించండి. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిదవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని, కరిగి, గట్టి పూసలా మిగులుతుంది. ఇకత్ అంటే గుడ్డ తిరగేయండి. చిటికి కట్టి రంగు వేసి నేసిన డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది, గీతల అంచులు కాస్త చెదిరి ఉంటాయి. ప్రింటు వెనకవైపు వెలిసినట్టుంటుంది. పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దేశమంతటి చేనేతకు 2006లో హ్యాండ్లూమ్ మార్క్ వచ్చింది. అయినా పవర్‌లూమ్ ప్రింటును పోచంపల్లి అని అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు.

నేను సాయపడిన ఒక ఉమ్మడి అంగడిలో ఒకరు స్క్రీన్ ప్రింటు తానులను చేతి అచ్చు కలంకారీ అని వేలాడదీశారు. గుడ్డ తెలిసిన ఒక పెద్దావిడ పట్టి చూసి, ఏమీ అనకుండా బయటికి వెళ్లిపోయారు. పక్క స్టాండు మీదున్న నిజమైన పెడన గుడ్డను ముట్టుకోనైనా లేదు. ఒకరి అబద్ధానికి ఐదుగురూ మూల్యం కట్టారు. అందుకే ఒప్పంద పత్రంలో అద్దె వాటా కంటే ముందు రాయాల్సిన వాక్యం: ఏది చేనేత, ఏది మిల్లు గుడ్డ, ఏది సహజ రంగు, ఏది కాదు. మిల్లు గుడ్డ అమ్మడం నేరం కాదు. మిల్లు గుడ్డేనని చెప్పి అమ్మాలి.

4. లెక్క కాగితం మీద వేయండి, ఫోన్‌లో కాదు, అందరి ఎదుటా.

ఒక కుర్తా తీసుకుందాం. మీటరు 350 రూపాయల గుడ్డ రెండున్నర మీటర్లు అనుకుంటే 875. కుట్టుకూలి 400. గుండీలు, ఇస్త్రీ, సంచీ 75. మొత్తం 1350. అమ్మకపు ధర 2200. పెద్ద షోరూములో పెట్టి నూటికి 30 కమిషన్ ఇస్తే 660 పోయి మీకు మిగిలేది 190. అందులోంచే ప్రయాణాలు, శాంపిళ్లు, అమ్ముడుపోని సరుకు, మీ తిండి. ఉమ్మడి అంగడిలో ఖర్చు ఒక్కో బట్టకు 250 పడినా 600 మిగులుతుంది. ఈ తేడా కోసమే ఇంత శ్రమ. అయితే సరిపడా అమ్మితేనే ఒక్కో బట్టకు 250 పడుతుంది. అందులో సగమే అమ్మితే అది 500 అవుతుంది. అద్దె ఎంతైనా పర్లేదని సంతకం పెట్టేముందు ఆ రెండో లెక్క కూడా వేయండి.

మిగులు పెంచుకోవడానికి కుట్టుకూలి దగ్గరో నేత మజూరీ దగ్గరో కోత పెట్టేవాళ్లు "సస్టెయినబుల్" అన్న మాట బోర్డు మీదనుంచి తీసేయాలి. నదికి హాని చేయని రంగు వేసి, నేసినవాడి కడుపు మాడిస్తే అందులో ధర్మమేముంది?

5. బిల్లు ఎవరి పేరున?

ఐదు క్యూఆర్ కోడ్‌లు వరసగా అంటిస్తే ఒకరి డబ్బు ఇంకొకరికి పోవడం ఖాయం. ఒక బిల్లు పుస్తకం, బ్రాండుకో రంగు చీటీ, రాత్రి తాళం వేసేముందు లెక్క. జీఎస్టీ సంగతి ముందే ఆడిటరుతో మాట్లాడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2500 రూపాయలు మించని దుస్తులకు 5 శాతం, మించితే 18 శాతం. 2500 కుర్తా పన్నుతో 2625కి వస్తుంది, 2600 కుర్తా 3068 అవుతుంది. ధర చీటీ రాసేటప్పుడు ఇది గుర్తుండాలి. చెన్నై నుంచో బెంగళూరు నుంచో స్నేహితులు సరుకు తెచ్చి తమ పేరున అమ్మేట్టయితే, తాత్కాలిక వ్యాపారిగా ఇక్కడ నమోదు అవసరమవుతుంది. దానికి కనీసం 5 రోజుల ముందు దరఖాస్తు చేయాలి, అంచనా పన్ను ముందే కట్టాలి. కొన్ని చేతివృత్తుల వస్తువులకు మినహాయింపు ఉంది, మీ సరుకు అందులోకి వస్తుందో లేదో కనుక్కోండి.

6. గుమ్మం దగ్గర వెలుతురు చూసుకోండి.

సహజ రంగులు ట్యూబులైటు కింద చచ్చినట్టుంటాయి. కిటికీ ఉన్న ఇల్లే తీసుకోండి. ఒక నిలువుటద్దం, కూడా వచ్చిన పెద్దవాళ్లకు రెండు కుర్చీలు. అంతే.

7. రంగు గురించి అడగకముందే చెప్పండి.

ఒక అంగడిలో కౌంటర్ దగ్గరున్న అమ్మాయి మాట నాకు బాగా నచ్చింది. 

"ఏమ్మా, ఉతికితే రంగు పోతుందా?" అని అడిగింది కొనడానికొచ్చినావిడ. 

"నీలం మొదటి రెండు మూడు ఉతుకుల్లో కొంచెం వదులుతుందండీ. విడిగా ఉతకండి, నీడలో ఆరేయండి. తెల్ల సోఫా మీద మాత్రం మొదట్లో ఈ కుర్తాతో కూర్చోకండి." 

ఆవిడ నవ్వి, రెండు తీసుకుంది. 

"అస్సలు పోదండీ" అని అమ్మిన బట్ట వారంలో తిరిగొస్తుంది. అప్పటికి మీ అంగడి ఎత్తేసి ఉంటారు, ఆవిడ ఎవరిని అడగాలి? అందుకే ప్రతి సంచీలో ఒక కాగితం వేయండి. ఉతికే పద్ధతి, ఏ బ్రాండు, అంగడి మూసేశాక ఎవరికి ఫోన్ చేయాలి.

8. ఆఖరి రోజు తగ్గింపు బోర్డు పెట్టకండి.

ఆషాఢం డిస్కౌంట్లు పెద్ద షాపుల పద్ధతి. వాళ్ల లెక్కలు వేరు, ఏడాది పొడుగునా ఆ తగ్గింపును ధరలో కలుపుకోగలరు. మీరు మొదటిరోజు 2200కి అమ్మినదాన్ని పదోరోజు 1400కి ఇస్తే, మొదటిరోజు వచ్చి మిమ్మల్ని నమ్మినావిడను మోసం చేసినట్టే. వచ్చేసారి అందరూ పదోరోజే వస్తారు. మిగిలిన సరుకు ఐదుగురిలో ఇంకో ఊళ్లో అంగడి పెడుతున్నవాళ్లకు అప్పగించండి. సైజు చిక్కు వల్ల మిగిలిపోతే విప్పి మళ్లీ కుట్టించండి. కత్తిరింపు ముక్కలు అందరివీ కలిపితే సంచులకో, పిల్లల బొంతలకో సరిపోతాయి. ఒక్కరి ముక్కలు దేనికీ చాలవు.

9. కండెలు చుట్టిన చేతి పేరు కూడా చీటీ మీద రాయండి.

చాలా బ్రాండ్లు నేతగాడి పేరు, ఊరు రాస్తున్నాయి. సంతోషం. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో ఈ పనిమీద ఉన్నవాళ్లు 35 లక్షలకు పైనే, వారిలో 70 శాతానికి పైగా ఆడవాళ్లు. నూలు తోడేది, కండెలు చుట్టేది, ఆసు పోసేది ఎక్కువగా వాళ్లే. ఆ పనికి విడిగా కూలి లెక్కగట్టడం తక్కువ. ఇంటి పనిలో కలిసిపోతుంది. ఆలేరు దగ్గర శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం, ఆసు పోసి పోసి తల్లి లక్ష్మమ్మ భుజాలు పడిపోతుంటే చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆసు పోయడమంటే ఒక్క చీరకు వేలసార్లు చేయి అటూ ఇటూ తిప్పాల్సిన పని. ధర ఎందుకింత అని అడిగినవారికి ఈ సంగతి చెబితే చాలామంది మళ్లీ బేరమాడరు.

నేత కుటుంబాన్ని అంగడికి పిలవాలనుకుంటే తప్పకుండా పిలవండి. కానీ పోయిన పనిరోజులకు మజూరీ, దారిఖర్చులు, ఉండటానికి చోటు మీ ఖర్చులో రాయండి. ఫొటోలకు నిలబెట్టడానికైతే పిలవకండి. కొనేవాళ్లతో వాళ్లనే మాట్లాడనివ్వండి. ఏది అమ్ముడుపోతోందో, ఏ రంగు ఎవరు అడుగుతున్నారో వాళ్లు కళ్లారా చూస్తే తర్వాతి పడుగు గురించి మీకంటే మంచి సలహా ఇస్తారు.

10. డబ్బు పంచే వరస ముందే రాసుకోండి.

అద్దె ముందే కట్టేసి ఉంటారు. మూసిన మర్నాడు గల్లాలో ఉన్నదాంట్లోంచి మొదట వెళ్లాల్సింది నేతవాళ్ల, రంగు పనివాళ్ల, దర్జీల బాకీలు. ఆ తర్వాత మీ వాటాలు. అమ్ముడుపోలేదన్న కారణంతో మజూరీ ఆపకూడదు. గుడ్డ నేయమన్నది మీరు, నేసిచ్చారు వాళ్లు, అక్కడితో వాళ్ల పూచీ తీరింది. ఈ వరస పాటించిన జట్లకే ఎండాకాలంలో మళ్లీ పడుగు దొరుకుతుంది.

ఇక కొనేవారికి ఒక మాట. ఈ దసరాకు మీ వీధిలో ఇలాంటి అంగడి తెరుచుకుంటే లోపలికి వెళ్లండి. గుడ్డ చేత్తో పట్టుకుని చూడండి. బేరమాడేముందు ఇది ఎవరు నేశారు, ఏ ఊళ్లో నేశారు, వాళ్లకు డబ్బు ముట్టిందా అని అడగండి. సూటిగా జవాబు చెప్పిన చోటే కొనండి.