నెలలు నిండని శిశువులు – మందులకు లొంగని సూక్ష్మజీవులు

నెలలు నిండి జన్మించిన శిశువు ప్రేవులలోనికి తల్లి దేహమునుండియు, పరిసరములనుండియు సూక్ష్మజీవులు క్రమముగా చేరును. వానిలో మేలుచేయు బిఫిడోబాక్టీరియాకు తల్లిపాలు పోషణ కూర్చును. 37 వారములు నిండకమునుపే పుట్టిన శిశువు స్థితి వేరు. మిక్కిలి ముందుగా పుట్టినవారు ఆసుపత్రిలో ఇంక్యుబేటరునందు వారములతరబడి పెరుగవలసి యుండును. వ్యాధినిరోధకశక్తి పరిపక్వము కానందున, సెప్సిస్ అను ప్రాణాంతక వ్యాధి వారికి సులభముగా సోకును. ఆలస్యమైన ప్రాణము దక్కదు. కావున వైద్యులు పెక్కుమార్లు వ్యాధినిర్ధారణకు ముందే ఆంటీబయాటిక్ ఔషధముల నిచ్చెదరు.

చిక్కంతయు ఇచటనే కలదు. హితకారి యేదో, రోగకారి యేదో ఔషధమునకు తెలియదు. లొంగునవి నశించును, లొంగనివి మిగిలి, ఖాళీయైన చోటును ఆక్రమించును. ఇవి లొంగకుండుటకు మూడు ముఖ్యోపాయములు గలవు. మొదటిది, మందును ఛేదించు ఎంజైములను తయారుచేయుట. రెండవది, లోనికి వచ్చిన మందును వెలుపలికి తోడివేయుట. మూడవది, మందు తాకు భాగమును మార్చుకొనుట. ఈ నేర్పునకు మూలమైన జన్యువులు ప్లాస్మిడ్లను చిన్న డి.ఎన్.ఎ. వలయములద్వారా ఒక జాతినుండి వేరొక జాతికిని సంక్రమింపగలవు.

అమెరికాలోని సెయింట్ లూయీ నగరమునందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 84 మంది ఇట్టి శిశువుల మలమునుండి తీసిన 401 నమూనాలను పరీక్షించి, 2016లో ఫలితములను ప్రకటించిరి. నిరోధకతకు సంబంధించిన 794 జన్యువులు కనబడెను. వానిలో 79 శాతము అంతకుముందు అట్టివిగా గుర్తింపబడనివి! మెరోపెనెమ్, సెఫొటాక్సిమ్ వంటి మందులు ప్రేవులలోని జాతుల సంఖ్యను తగ్గించెను. వాంకోమైసిన్, జెంటామైసిన్‌ల ప్రభావము మాత్రము అందరిలోను ఒకే రీతిగా లేదు.

ప్రేవులలోని సూక్ష్మజీవి రక్తములోనికి చొరబడినచో ఆపద ఎంతటిదో మన దేశమునందలి అనుభవము తెలుపుచున్నది. ఢిల్లీలోని మూడు ఆసుపత్రులలో 2011–14 సంవత్సరములలో నవజాత శిశువులపై జరిగిన అధ్యయనమున, సెప్సిస్‌కు కారణమైన క్లెబ్సియెల్లా బాక్టీరియాలో 54 శాతము పలుమందులకు లొంగనివని తేలెను.

అట్లని ఔషధమును మానుమనుట అవివేకము. అవసరమైనపుడు వెంటనే ఇచ్చుట, రక్తపరీక్షలో సూక్ష్మజీవులు కనబడక, శిశువు కుదుటపడినపుడు నిలుపుట, తల్లిపాలు పట్టుట, శిశువును తాకువారు చేతులు శుభ్రపరచుకొనుట – ఇవియే మార్గములు. పెనిసిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లోనే, చాలీచాలని మోతాదు సూక్ష్మజీవులను మొండివానిగా మార్చునని హెచ్చరించెను. విద్యార్థులారా! వైద్యుని సలహా లేక జలుబునకు సైతము మందుల దుకాణములో ఆంటీబయాటిక్ కొను అలవాటును మనము విడువవలెను. మనము వృథాచేయు ఔషధము, రేపు ఒక పసికందుకు మిగిలిన ఏకైక ఔషధము కావచ్చును.