పాత అంబాసిడరు కారు – కార్బురేటరులో అరిగిన భాగముల మార్పు

మన గ్రామములలో పెద్దిండ్ల వసారాల ప్రక్కన, ధాన్యపు కొట్ల వెనుక, పరదా కప్పుకొని నిలిచియున్న పాత అంబాసిడరు కారులను నేటికిని చూచుచున్నాము. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారు మాతృకగా, 1950 దశకము చివర నుండి 2014 వరకు, ఈ బండి మన దేశమున తయారైనది. అట్టి బండి కదలక మొరాయించినపుడు "ఇంజను పోయినది, పాత ఇనుమునకు వేయుడు" అని సలహా చెప్పువారు ప్రతి ఊరను కలరు. పెక్కుసార్లు చెడినది ఇంజను కాదు; కార్బురేటరులో అరచేత ఇమిడెడి రెండు మూడు చిన్న భాగములు మాత్రమే. ఊరివారు సలహాకై వచ్చునది పంచాయతీ సభ్యుల యొద్దకే గనుక, ఈ సంగతి మనము తెలిసికొనుట అవసరము.

ముందుగా నిబంధనలు

బండి పంచాయతీ ఆస్తియై 15 సంవత్సరములు దాటినచో, దానిపై సొమ్ము వెచ్చింపరాదు. 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన కేంద్ర నిబంధన ననుసరించి, ప్రభుత్వ, స్థానిక సంస్థల బండ్లకు ఆ వయస్సు దాటిన పిమ్మట రిజిస్ట్రేషను చెల్లదు. స్వంతదారుల బండ్ల విషయము వేరు. 50 సంవత్సరములు దాటి, అసలు రూపము చెడకుండనున్న బండిని పురాతన వాహనముగా నమోదు చేయుటకు 2021లో కేంద్రము నిబంధనలు చేసినది. అట్లు నమోదైన బండిని ప్రదర్శనలకు, పురాతన వాహనముల ర్యాలీలకు నడుపవచ్చును గాని నిత్య ప్రయాణములకు, కిరాయిలకు వాడరాదు.

కార్బురేటరు చేయు పని

పెట్రోలును గాలిలో తగు పాళ్ళలో కలిపి ఇంజనునకు అందించుట దీని పని. పాత పెట్రోలు అంబాసిడరులలో సామాన్యముగా కానవచ్చునది ఎస్.యు. రకము. ఇందు ఒక గొట్టము పైన పిస్టను కలదు. ఇంజను గాలిని పీల్చినకొలది పిస్టను పైకి లేచును. దాని అడుగున కొసదేరిన సూది కలదు. ఆ సూది జెట్టు అను చిన్న రంధ్రములో దిగియుండును. సూది లేచినకొలది రంధ్రమున సందు పెరిగి, పెట్రోలు హెచ్చుగా వచ్చును. ప్రక్కనున్న చిన్న తొట్టిలో తేలెడి ఫ్లోటు, తొట్టి నిండగానే ఒక వాల్వును మూసివేయును. మన నీళ్ళ తొట్టిలోని బంతికొళాయి వంటిదే ఇది.

అరుగుదల గుర్తులు

ఏండ్ల తరబడి సూది రాపిడికి జెట్టు రంధ్రము గుండ్రదనము కోల్పోవును. అప్పుడు పెట్రోలు ఖర్చు హెచ్చి నల్లని పొగ వచ్చును. ఫ్లోటు వాల్వు మొన అరిగినచో తొట్టి పొంగి పెట్రోలు కారును; ఇది నిప్పు ప్రమాదము. త్రాటిల్ ఇరుసు అరిగినచో దాని సందులనుండి అదనపు గాలి దూరి, నిలకడగా నున్నపుడు ఇంజను తడబడును. అయితే ప్లగ్గులు, పాయింట్లు, గాలి ఫిల్టరు పరీక్షింపకుండ కార్బురేటరును విప్పరాదు. వాటి లోపము సైతము ఇట్టి గుర్తులనే చూపును.

మార్చు విధము

బ్యాటరీ తీగ విప్పి, ఆరుబయట, బీడీ చుట్టల కెడముగా పని చేయవలెను. బకెట్టెడు పొడి ఇసుక దగ్గర నుంచవలెను. విప్పిన ప్రతి భాగమును విప్పిన వరుసలో గుడ్డపై పేర్చవలెను. పిస్టనును, దాని పై గిన్నెను జతగా తయారు చేసియుందురు. వేరొక బండి గిన్నె దీనికి పనికిరాదు. వీటిని శుభ్రమైన గుడ్డతో తుడువవలెనే గాని గరుకు కాగితముతో రుద్దరాదు.

సూదిని, జెట్టును జతగానే మార్చవలెను. పాత సూది మొదట చెక్కిన అక్షరములను చూచి అదే గుర్తుగల సూదిని కొనవలెను. ఫ్లోటు వాల్వును దాని పీటతో సహా మార్చవలెను. ఇరుసు వదులైనచో లేతు పనివాని వద్ద బుష్షు వేయించవలెను. గ్యాస్కెట్టులు క్రొత్తవి వాడవలెను. 2023 నుండి 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు బంకులలోనికి వచ్చినది. పాత రబ్బరు గొట్టములను అది పాడుచేయును గనుక, ఇథనాలునకు తట్టుకొను గొట్టములనే అడిగి కొనవలెను.

సూది బిగించియుండు పాత రకములో జెట్టును నడుమకు సరిచేయుట ముఖ్యము. జెట్టు నట్టును కొంత వదులు చేసి, జెట్టును పైకంట నెట్టి, పిస్టనును మెల్లగా క్రిందికి నొక్కి పట్టి నట్టు బిగించవలెను. పిమ్మట పిస్టనును లేపి విడిచినచో 'టక్' మని స్పష్టముగా పడవలెను. అట్లు పడనిచో సూది జెట్టునకు రాయుచున్నదని తెలిసికొని మరల సరిచేయవలెను. లేనియెడల క్రొత్త జెట్టు సైతము త్వరలో అరిగిపోవును. తుదకు పై గొట్టములో పలుచని ఇంజను నూనె పోయవలెను.

సర్దుబాటు

ఇంజను వేడెక్కిన పిమ్మట పిస్టనును ఇంచుక, ఒక మిల్లీమీటరునకు లోపుగా, పైకి లేపి చూడవలెను. వేగము హెచ్చి అట్లే నిలిచినచో పెట్రోలు అధికము. జెట్టు నట్టును పైకి త్రిప్పవలెను. ఇంజను ఆగిపోవుచున్నచో పెట్రోలు తక్కువ. నట్టును క్రిందికి త్రిప్పవలెను. క్షణకాలము వేగము హెచ్చి మరల యథాస్థితికి వచ్చినచో పాళ్ళు సరిపోయినవి. నట్టును ఒక్కొక్క పలకచొప్పుననే త్రిప్పవలెను.

సభ్యులకు మనవి

బండి యజమానులు సలహా కోరినపుడు మనము చెప్పవలసినవి మూడు మాటలు. పని మొదలిడక పూర్వమే మెకానిక్కు వద్ద భాగముల పట్టిక, ధర వ్రాయించుకొనవలెను. మార్చిన పాత భాగములను తిరిగి పుచ్చుకొని, అరుగుదలను కంటితో చూడవలెను. సూది గుర్తును, మార్చిన తేదీని ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను.

ఇట్టి పని ఎరిగిన వృద్ధ మెకానిక్కులు మన మండల కేంద్రములలో ఇంకను కొందరు కలరు. వారు పని చేయునపుడు ఊరి యువకు నొకనిని ప్రక్కన కూర్చుండబెట్టినచో, బండితోపాటు ఆ విద్య కూడ ఊరిలో నిలుచును.