రొమ్ము గడ్డ రిపోర్టులో ‘ఇ.ఆర్.’ అంటే ఏమిటి?

రొమ్ములోని గడ్డ నుండి ముక్క తీసి పరీక్షకు పంపినప్పుడు, వచ్చిన రిపోర్టులో క్యాన్సర్ ఉందా లేదా అన్నంత వరకే చాలామంది చదువుతారు. దాని కింద మరొక వరుస ఉంటుంది: ఇ.ఆర్. పాజిటివ్, లేదా ఇ.ఆర్. నెగటివ్. ‘పాజిటివ్’ అనగానే ఇంకో జబ్బు కూడా పట్టుకుందని భయపడే కుటుంబాలను మేము చూస్తుంటాము. నిజానికి అది చాలావరకు మంచి కబురే. ఈ గడ్డకు మాత్రలతో చేసే వైద్యం కూడా ఉందని దాని అర్థం.

ఇ.ఆర్. అంటే ఈస్ట్రోజన్ రిసెప్టార్. ఈస్ట్రోజన్ స్త్రీల శరీరంలో తయారయ్యే హార్మోను. దానిని అందుకొనే ప్రోటీను ఒకటుందని 1950ల చివర చికాగో విశ్వవిద్యాలయంలో ఎల్వుడ్ జెన్సన్ గారు కనుగొన్నారు. చెరువు కింద ఏ మడికి ఎప్పుడు నీరు వదలాలో నీరుగంటి చూసుకుంటాడు కదా. ఈ ప్రోటీను పని కూడా అటువంటిదే. కణం నడిమధ్యనున్న కేంద్రకంలో ఉండి, హార్మోను అందగానే డి.ఎన్.ఎ.ను పట్టుకొని కొన్ని జన్యువులకు తూము తెరుస్తుంది. అప్పుడు కణం పెరుగుతుంది. ఇటువంటి ప్రోటీన్లను ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు.

ఇంత చిన్న ప్రోటీను మామూలు మైక్రోస్కోపుకు కనబడదు. దానిని పట్టి చూపేది యాంటీబాడీ. ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతిని 1975లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. 1984లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు ల్యాబుల్లో వాడేవి ఎలుక లేదా కుందేలు కణాల నుండి వచ్చినవి. ముక్కను మైనంలో దిమ్మగా పోసి, వెంట్రుక కంటే పలుచగా కోసి, గాజు పలక మీద పెట్టి ఈ యాంటీబాడీని వేస్తారు. అది ఇ.ఆర్. ఉన్నచోటనే అంటుకుంటుంది. తరువాత ఒక ఎంజైముతో అక్కడ గోధుమ రంగు వచ్చేలా చేస్తారు. (ఆ ఎంజైమును మన ముల్లంగికి చుట్టమైన ఒక ఘాటు వేరు నుండి తీస్తారంటే నమ్మండి!) క్యాన్సర్ కణాల కేంద్రకాలలో 100కి ఒకటైనా గోధుమ రంగుకు తిరిగితే పాజిటివ్ అంటారు. 1 నుండి 10 వరకు ఉంటే ‘లో పాజిటివ్’ అని వేరుగా రాస్తారు.

ఆ రంగు మీదనే టామాక్సిఫెన్ మాత్ర ఇవ్వాలా వద్దా అన్నది ఆధారపడుతుంది. ఇ.ఆర్. ఉన్నవారు ఐదేళ్ళు ఈ మాత్ర వాడితే రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. నెగటివ్ వారికి దానివల్ల ఉపయోగం లేదు. కాబట్టి ఉన్నదాన్ని లేదని రాస్తే ఆ తల్లికి అందవలసిన మందు అందదు. కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్‌లో ఇదే జరిగింది. 1997 నుండి 2005 వరకు చేసిన పరీక్షలను తిరిగి చూస్తే, దాదాపు 400 మందికి తప్పు ఫలితం ఇచ్చినట్లు తేలింది. దానిపై న్యాయ విచారణ జరిగి 2009లో నివేదిక వచ్చింది.

యాంటీబాడీ ఎంత మంచిదైనా ముక్క పాడైతే రంగు రాదు. శరీరం నుండి తీసిన ముక్క గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. అందులో 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు మించకుండా ఉండాలి. మన ప్రాంతాలలో సీసాను ల్యాబుకు మోసుకెళ్ళేది చాలాసార్లు ఇంటివారే కనుక ఈ సంగతి మీకు చెబుతున్నాము. అందులోని మందు నీళ్ళు ఒలకబోయవద్దు, మామూలు నీళ్ళు కలపవద్దు, రేపు వెళ్దామని ఇంట్లో పెట్టుకోవద్దు. సీసా మీద పేరు, ముక్క తీసిన సమయం రాసి ఉన్నాయో లేదో చూసుకోండి.

నెగటివ్ అని వచ్చి డాక్టరుగారికి అనుమానం కలిగితే, అదే ముక్కలోని మామూలు పాలనాళాలకు రంగు వచ్చిందేమో చూడమంటారు. వాటిలో కొన్ని కణాలకైనా రావాలి. వాటికీ రాకపోతే ఆ పరీక్షను నమ్మలేము, మళ్ళీ చేయాలి. అందుకు మైనపు దిమ్మ కావాలి. అది ఏళ్ళ తరబడి నిలువ ఉంటుంది. వేరే ఊరి పెద్దాసుపత్రికి వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు దిమ్మను కూడా అడిగి తీసుకొని వెళ్ళండి.